మత్తు వీడేవారి కోసం గిటార్ పండుగ
టిక్కెట్టు సొమ్ము ఎక్కడికి చేరుతుంది.. వెళ్లేవారు ఏం చూసుకోవాలి?

కలిగిరి: మద్యం మానిన మనిషి పెళ్లికి వెళ్లాలన్నా, తిరునాళ్లకు వెళ్లాలన్నా ఇంట్లోవారికి గుండె దడే. పాట, జనం, పాత స్నేహితులు కలిసినచోట సీసా కూడా ప్రత్యక్షమవుతుందన్నది వారి అనుభవం. అటువంటిది మత్తుకు బానిసలైన వారి వైద్యం కోసమే నిధులు సేకరించే సంగీత ఉత్సవం ఒకటి అమెరికాలో రెండు దశాబ్దాలకు పైగా పేరుపొందింది. దాని పేరు క్రాస్‌రోడ్స్ గిటార్ ఫెస్టివల్. 2004లో అది మొదలైనదీ, 2019లో తిరిగి జరిగినదీ డాలస్ నగరంలోనే. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతమది. పిల్లల వద్దకు వెళ్లివచ్చే తల్లిదండ్రులు జిల్లాలో తక్కువేమీ కాదు. కనుక ఇటువంటి ఉత్సవానికి వెళ్లదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఉత్సవ నిర్వాహకుడు బ్రిటిష్ గిటార్ విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్. 1945లో జన్మించిన ఈయన 1970ల ఆరంభంలో హెరాయిన్‌కు, ఆపై మద్యానికి బానిసయ్యారు. 1982లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న హేజెల్డెన్ కేంద్రంలో చికిత్స పొందారు. కొంతకాలానికి మళ్లీ తాగారు. 1987లో అదే కేంద్రానికి రెండోసారి వెళ్లారు. నాలుగేళ్ల కుమారుడు 1991లో ప్రమాదవశాత్తు మరణించినప్పుడు కూడా ఆయన తిరిగి సీసా పట్టలేదు. 'ఒకసారి వైద్యం చేయించాం, మళ్లీ మొదలుపెట్టాడు, ఇక వాడింతే' అని మనిషిని వదిలేసుకునే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. రెండోసారి వెళ్లినవాడు నిలబడిన ఈ ఉదంతం వారు గమనించదగినది.

కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవిలో 1998లో క్లాప్టన్ క్రాస్‌రోడ్స్ పేరిట చికిత్సా కేంద్రాన్ని స్థాపించారు. క్రికెట్ అభిమానులకు ఆ దీవిని పరిచయం చేయనక్కర్లేదు. వివియన్ రిచర్డ్స్ పుట్టినదీ, 2004లో లారా 400 పరుగులు సాధించినదీ అక్కడే. డబ్బు గలవారు రుసుము చెల్లించి చేరుతుండగా, ఆ దీవుల్లోని పేదలకు కొన్ని పడకలు ఆర్థిక సాయంతో కేటాయించడం ఈ కేంద్రం పద్ధతి. ఆ పడకల ఖర్చుకే విరాళాలు కావలసి వచ్చాయి. 1999లో క్లాప్టన్ తన గిటార్లు నూటిని న్యూయార్క్‌లో వేలం వేయగా సుమారు 50 లక్షల డాలర్లు సమకూరాయి. 2004 వేలంలో 'బ్లాకీ' అనే ఒక్క గిటారే 9,59,500 డాలర్లు పలికింది. అదే ఏడాది జూన్‌లో డాలస్‌లో మూడు రోజుల తొలి ఉత్సవం జరిగింది. మోహనవీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ కూడా అందులో పాల్గొన్నారు.

ఉత్సవం ఏటా జరిగేది కాదు. 2004 తర్వాత 2007, 2010లలో షికాగో శివారులోని బ్రిడ్జ్‌వ్యూలో, 2013లో న్యూయార్క్‌లో, 2019లో డాలస్‌లో, 2023లో లాస్ ఏంజెలెస్‌లో నిర్వహించారు. మూడేళ్లకో, ఆరేళ్లకో వచ్చే పండుగకు తేదీ ప్రకటించాక వీసా ప్రయత్నం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. పర్యాటక వీసా ముందే ఉన్నవారికి, లేదా పిల్లల వద్దకు ఎలాగూ వెళ్లేవారికి మాత్రమే ఇది అందుబాటులో ఉండే యాత్ర.

టిక్కెట్టు విషయంలో ఒక మెలిక ఉంది. నిర్వాహకులు నియమించిన అధికారిక విక్రేత వద్ద కొన్న టిక్కెట్టు సొమ్ములోనే కేంద్రానికి వాటా చేరుతుంది. అవి అయిపోయాక మారు విక్రేతల వద్ద రెట్టింపు ధర పెట్టి కొంటే ఆ పైసొమ్ము వారి జేబులోకే తప్ప రోగి పడకకు పోదు. 'ధర్మానికే కదా' అని సరిపెట్టుకుని అధిక ధర చెల్లించేవారు ఈ తేడా గుర్తించాలి. ఇక్కడి నుంచి ప్రత్యేకించి బయలుదేరేవారి లెక్క మరీ విచిత్రం. ఖర్చులో సింహభాగం విమాన సంస్థలకు, హోటళ్లకు పోతుంది. దానం చేయడమే ఉద్దేశమైతే అంత దూరం వెళ్లడం దండగ. పాట వినడానికి వెళ్తున్నామనుకుంటే ఏ ఇబ్బందీ లేదు. విదేశీ సంస్థకు ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు వర్తించదన్నదీ తెలిసి ఉండాలి.

వీసా ఫారంలో ఇరుకు ప్రశ్న

ఎవరి బాగు కోసం ఉత్సవం పెట్టారో వారికే మొదటి అడ్డంకి దరఖాస్తులో ఎదురవుతుంది. 'మీరు ఎప్పుడైనా మాదకద్రవ్యాలకు బానిసయ్యారా' అని అమెరికా వీసా ఫారంలో సూటి ప్రశ్న ఉంది. కోలుకున్నవారు దీనికి ఏం రాయాలో తెలియక తికమక పడతారు. ఏజెంటు చెప్పాడని 'లేదు' అని రాసి దొరికిపోతే తప్పుడు సమాచారం కింద శాశ్వతంగా తలుపు మూసుకునే ప్రమాదముంది. నిజం రాస్తే అధికారి వైద్య పరీక్షకు పంపవచ్చు. తిరస్కరించడమూ జరగవచ్చు. అయినా కోలుకున్నట్టు చికిత్స పత్రాలు, వైద్యుని ధ్రువీకరణ చూపే దారి మిగిలి ఉంటుంది. తాగి వాహనం నడిపి పట్టుబడిన కేసు గత ఐదేళ్లలో ఒక్కటున్నా వైద్య పరీక్షకు పంపాలన్న నిబంధన కూడా ఉంది. ఊళ్లో జరిమానా కట్టి మరచిపోయిన కేసు కాన్సులేటులో మళ్లీ పలకరిస్తుంది.

మానేసి కొద్ది నెలలే అయినవారు ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు. అంతర్జాతీయ విమానాల్లో చాలావాటిలో మద్యం అడిగితే చాలు, తెచ్చి ఇస్తారు. ఇరవై గంటల ప్రయాణంలో అదే మొదటి పరీక్ష. డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారికి సాస్‌లలో, నోరు పుక్కిలించే ద్రావణాల్లో ఉండే కొద్దిపాటి ఆల్కహాల్ కూడా వికటించవచ్చు. కాబట్టి తినేవాటి వివరం అడిగి తెలుసుకోవాలి. బ్యూప్రినార్ఫిన్ వంటి మందులు నియంత్రిత జాబితాలోనివి. అసలు పెట్టెలతో, వైద్యుని చీటీతో సహా వెంట ఉంచుకోవలసిందే.

ఉత్సవం మద్యవిముక్తి కోసమే అయినా అమెరికాలో ఇటువంటి ఉత్సవాలు జరిగే స్టేడియాల్లో బీరు అమ్మకం మామూలే. ఈ వైరుధ్యాన్ని అక్కడి శ్రోతలే కొంత పరిష్కరించుకున్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం కచేరీల్లో 1980ల నుంచి 'వార్ఫ్ రాట్స్' పేరుతో తాగని అభిమానులు ఒకచోట చేరడం మొదలైంది. గుర్తుగా పసుపుపచ్చ బెలూన్లు కట్టిన బల్ల వేస్తారు. విరామంలో అక్కడ కలుసుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. ఆ పద్ధతి తర్వాత ఇతర బృందాల కచేరీలకూ పాకింది. అన్నిచోట్లా ఉంటుందన్న భరోసా లేదు కనుక ముందుగా విచారించుకోవాలి. బల్ల లేనిచోట తాగని స్నేహితుడొకరిని వెంట తీసుకెళ్లడం, ఇబ్బంది అనిపిస్తే మధ్యలోనే లేచివచ్చేలా వాహనం సిద్ధంగా ఉంచుకోవడం ఎవరైనా చేయగలిగిన ఏర్పాట్లే.

పాట మనకు కొత్తది కాదు

జిల్లాకు ఈ ఉత్సవంతో పోల్చదగిన చరిత్ర ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా కళాజాతా బృందాలు ఊరూరా పాడాయి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన దూబగుంట మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024 అక్టోబరు నుంచి తిరిగి ప్రైవేటు దుకాణాలు. విధానాలు ఎన్ని మారినా చర్చ అంతా దుకాణం చుట్టూనే తిరిగింది. అప్పటికే బానిసైన మనిషిని ఎక్కడ చేర్చాలి, ఖర్చెవరు భరించాలి అన్న ప్రశ్న ఉద్యమంలోనూ, ప్రభుత్వంలోనూ వెనుకబడింది.

ఆ లోటు ఎంతటిదో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ 2019లో వెలువరించిన సర్వే చెబుతోంది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతుండగా 5.7 కోట్ల మందికి దానివల్ల సాయం అవసరమైన స్థితి ఉంది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేవారు 180 మందిలో ఒక్కరు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కనుక పడక అన్నది విలాసం కాదు. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సమావేశాలకు ఎక్కడా రుసుము లేదు.

జిల్లాలో విరాళాల కోసం సంగీత విభావరులు జరగడం కొత్తేమీ కాదు. వైద్య సాయానికి, వరద బాధితులకు, గుడి నిర్మాణానికి పెట్టినవి ఉన్నాయి. మద్యం మానదలచిన ఒక కూలీకి నెల రోజుల చికిత్స, ఆ నెలంతా ఇంటిల్లిపాదికీ బియ్యం అని లెక్క కట్టి టిక్కెట్టు మీదే అచ్చువేసే విభావరి ఒకటి కలిగిరిలోనో, కావలిలోనో పెట్టదలిస్తే వీసా అక్కర్లేదు. అలనాడు కళాజాతాల్లో పాడినవారు కొందరు చుట్టుపక్కల మండలాల్లో ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు.