రాజీకి రాని కంపెనీకే లాభం

నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మీద తెల్లవారకముందే సైకిళ్లు కదులుతాయి. కొన్నింటికి పాలక్యాన్లు వేలాడుతుంటాయి, కొన్నింటి మీద టమోటా కోతకు పోయే కూలీలుంటారు. వాళ్లను రాసుకుంటూ మండీకి క్రేట్లు మోసే బొలెరోలు, ట్రాక్టర్లు దూసుకుపోతాయి. ఏదో ఒకరోజు ఒకటి తగులుతుంది. రిమ్ము వంకరపోతుంది, పాలు తారు మీద పారతాయి, మోకాలి కింద ఎముక విరుగుతుంది. సాయంత్రానికి ఆస్పత్రి వరండాలో పెద్దమనుషులు చేరతారు. ‘కేసులెందుకులేన్నా, ఆస్పత్రి ఖర్చు మేం చూసుకుంటాం, పైన ఇరవై వేలు ఇస్తాం’ అంటారు. తెల్లకాగితం మీద సంతకం పడుతుంది.

ఈ రాజీలు ఆగాలి. బండి యజమాని చెడ్డవాడనో, పెద్దమనుషులు మోసగాళ్లనో కాదు. ఆ నష్టం భరించడానికే ఏటా ప్రీమియం వసూలు చేసుకున్న బీమా కంపెనీ ఆ వరండాలో లేదు. యజమాని జేబులోంచి ఇరవై వేలు పోతాయి, దెబ్బతిన్నవాడికి రావాల్సిన లక్షలు పోతాయి, మిగిలేది కంపెనీకి. థర్డ్ పార్టీ క్లెయిమ్ వల్ల యజమాని నో క్లెయిమ్ బోనస్ తగ్గదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. డ్రైవరుకు క్రిమినల్ కేసు భయం ఉంటుంది, నిజమే. ఆ భయానికి వెల కాలు విరిగినవాడు కట్టడం ఏం న్యాయం?

పరిహారమంటే బేరం కాదు, దానికో లెక్కుంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి గుణకాలు ఖరారు చేసింది. 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ కేసులో గాయాల పరిహారానికి పద్దులు విడమరిచింది. వైద్యం, రాకపోకలు, పోషకాహారం, మంచాన ఉన్న నెలల ఆదాయం, భవిష్యత్తులో తగ్గే సంపాదన, మున్ముందు వైద్యం, నొప్పి, బతుకులో పోయిన సుఖం అన్నీ అందులో ఉన్నాయి. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు స్వయం ఉపాధి వాళ్లకూ భవిష్యత్ పెరుగుదల కలపాలంది. నలభై ఏళ్లలోపు వారికి అది 40 శాతం. గాయాల కేసులకూ అది వర్తిస్తుందని ఆ తర్వాతి తీర్పులు తేల్చాయి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పాలు పోసే మనిషి, వయసు 38, నెలకు 12,000 సంపాదన అనుకుందాం. ఏడాదికి 1,44,000. దానికి 40 శాతం కలిపితే 2,01,600. ఆ వయసుకు గుణకం 15 గనుక 30,24,000. సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందని తేలితే ఈ ఒక్క పద్దు కిందే 9,07,200 వస్తుంది. మరణ కేసుల్లోలా సొంత ఖర్చుల కింద కోత కూడా ఉండదు. ఇదే కాలికి ఆదాయం 8,000 అని, పెరుగుదల లేదని, నష్టం 15 శాతమేనని లెక్కేస్తే 2,16,000కు దిగుతుంది. కాలు అదే, కాగితం మారింది.

తగాదా అంతా ఆ శాతం దగ్గరే. డాక్టరు రాసేది కాలికి ఎంత వైకల్యమన్నది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చూడాల్సింది ఆ కాలితో అతను పాత పని చేయగలడా అన్నది. గుమాస్తా కుర్చీలో కూర్చుని నెట్టుకొస్తాడు, సైకిల్ తొక్కి పాలు పోసేవాడు ఎక్కడికి పోతాడు? కర్ణాటకలో కాలు పోయిన ఓ కూరగాయల వ్యాపారి కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిలోనే ఆలోచించింది. ఆదాయానికి కాగితం లేకున్నా నెలకు 6,500 కట్టి, సంపాదన నష్టాన్ని 85 శాతంగా తీసుకుంది. టమోటా కూలీకి జీతం స్లిప్పు ఏదని అడిగే కంపెనీ వకీళ్లు ఆ తీర్పు చదవాలి. సైకిల్‌కు లైటు లేదన్న వాదన కూడా వాళ్లకు అలవాటే. లైటు లేకపోవడం వేరు, ప్రమాదానికి అదే కారణమని రుజువు చేయడం వేరు.

పోలీసుల బాధ్యత ఇంకా పెద్దది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదంపై తొలి నివేదిక 48 గంటల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ తర్వాత 30 రోజుల్లో కంపెనీ ఎంత ఇస్తుందో కారణాలతో రాసివ్వాలి. ఈ నిబంధనలు అమలు చేయాలని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కాబట్టి స్టేషన్ మెట్ల మీద రాజీలు కుదర్చడం పోలీసుల పని కాదు, ఫారాలు నింపడం వారి పని. నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పం స్టేషన్లలో ఎన్ని కేసుల్లో ఈ నివేదికలు గడువులో వెళ్లాయో ఎస్పీలు బయటపెట్టాలి.

లోక్ అదాలత్‌లు మంచివే. కానీ అక్కడి అవార్డుకు అప్పీలు లేదు. అందుకే వైకల్య ధ్రువపత్రం, పద్దుల వారీ లెక్క కాగితం చేతికి రాకుండా ఏ గాయం కేసునూ అక్కడ ముగించకూడదు. ‘ఏకమొత్తం’ అని ఒక్క అంకె వేసి సంతకం అడిగే పద్ధతికి న్యాయసేవా సంస్థలే అడ్డుకట్ట వేయాలి.

దెబ్బతిన్నవారికి ఒక మాట. ఎఫ్ఐఆర్ అడగండి, బండి నంబరు రాసుకోండి, మందుల బిల్లులు దాచుకోండి. క్లెయిమ్‌కు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడుస్తున్నా, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.