యాగం కాదు, సూదిమందు కావాలి

2018 వానాకాలంలో దివిసీమ పొలాల్లో పాములు వరసగా కాటేస్తుంటే, ప్రభుత్వం మోపిదేవిలో సర్పశాంతి యాగం తలపెట్టింది! నెయ్యికి ఉన్న తొందర సూదిమందుకు ఉండొద్దా?

2000-2019 మధ్య దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020 నాటి అధ్యయనం లెక్కగట్టింది. అత్యధికులు పల్లెవాళ్లే. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకే వస్తుంది, నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి ఊపిరి అందదు. మంచం, దోమతెర ఉన్న ఇంటికి ఆ భయం తక్కువ. పాము కనబడితే కర్రతో ఎగబడొద్దు, పట్టడం తెలిసినవాళ్లను పిలవాలి. కాటేస్తే మంత్రగాడి దగ్గర పొద్దు పుచ్చొద్దు.

2030 నాటికి ఈ చావులు సగానికి తగ్గిస్తామని 2024లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. మన ఆరోగ్య కేంద్రంలో మందు ఉందా, రాత్రి డాక్టరు ఉంటున్నాడా? నాట్లు మొదలుకాకముందే మన కూలీ సంఘాలు వెళ్లి స్టాకు రిజిస్టరు చూపించమని అడగాల.