రిక్వైర్‌మెంట్లు తర్వాత, ముందు బొమ్మ చూపించండి

"యూజర్‌కి ఏం కావాలో అడిగి రాయండి" అంటారు మేనేజర్లు. ఎన్నడూ చూడని వస్తువు గురించి యూజర్ ఏం చెప్తాడండీ? ఐబీఎంలో జాన్ గౌల్డ్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం ఉంది. మాట వింటే టైపు చేసే యంత్రం ఇంకా లేదు. చాటున టైపిస్టుని కూర్చోబెట్టి, జనం దాన్నెలా వాడతారో ముందే చూసేశారు.

ఇప్పుడు రైతులకి తెలుగులో జవాబిచ్చే యాప్ అంటూ మాదాపూర్లో కూర్చుని పేజీలకి పేజీలు రాస్తున్నాం. ఎందుకొచ్చిన గోల! బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినాయన్ని యాప్ బదులు ఓ వారం జవాబులు చెప్పమనండి (నిజం తర్వాత చెప్పేయండి, పాపం). తెనాలి రైతు మినుములో పల్లాకు తెగులు గురించి మాట్లాడడు, ఆకు ఫొటో పంపేస్తాడేమో. రేపల్లె వైపు రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ ఏరేటర్ల హోరులో, తడి చేతుల్తో మీ మైక్ బటన్ ఎవడు నొక్కుతాడు? ఏ మీటింగులో తేలుతుందిది?