డొక్కలు ఎగరేయడం: ముందుగా నేర్చుకోవలసిన మాట

నాలాగే ఇంగ్లీషు మీడియంలో చదివి, సొంతంగా తెలుగు నేర్చుకుంటున్నవారికి ఒక మాట. సామెతలు తర్వాత నేర్చుకోవచ్చు. పసిబిడ్డ ఊపిరికి సంబంధించిన మాటలు ముందు నేర్చుకోండి. ముఖ్యంగా మీలో నర్సింగ్ చదివేవాళ్ళు.

నేను ఇప్పుడు గుడిలో సేవ చేస్తున్నాను. అంతకుముందు రాబిగ్‌లో నర్సుని. ఆ ఊరు జెడ్డాకు ఉత్తరాన, ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. రిఫైనరీ పనులకు మనవాళ్ళూ అక్కడికి వస్తారు. మా వార్డులో రాత ఇంగ్లీషు, తల్లుల మాట అరబ్బీ. "నఫస్" అంటే ఊపిరి అని వెంటనే నేర్చుకున్నాను. మరి తెలుగు తల్లి వచ్చి "బాబు డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా" అంటే తెలుగు నర్సుకు అర్థం కావద్దా?

డొక్క అంటే పక్కటెముకల కింది భాగం. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా అది లోపలికి గుంజుకుపోతే ప్రమాదం. ముక్కుపుటాలు విచ్చుకోవడం కూడా కష్టానికి గుర్తే. ఊపిరి వదిలేటప్పుడు వచ్చే మూలుగును ఏడుపు అనుకోకండి. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా బిడ్డ గొంతు బిగించి చేసే ప్రయత్నం అది. పుట్టిన కొత్తలో చేతులు, కాళ్ళు కాస్త నీలంగా ఉండవచ్చు. పెదవులు, నాలుక నీలమైతే మాత్రం ఆగకూడదు.

1956లో వచ్చిన సిల్వర్‌మన్-ఆండర్సన్ మార్కుల్లో డొక్కలు, ముక్కుపుటాలు, మూలుగు మూడూ ఉన్నాయి. అప్గార్ మార్కుల్లో 10 మంచిది. ఇక్కడ 0 మంచిది, 10 చెడ్డది.

ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిబిడ్డలు మధ్యలో కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ పీలుస్తారు. అందుకే 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మళ్ళీ లెక్కపెట్టండి. మళ్ళీ అంతే వస్తే డాక్టరును పిలవండి. 20 సెకన్లు ఊపిరి ఆగితే అప్పుడే పిలవండి.

"ఆక్సీమీటరు ఉంది కదా, ఈ మాటలెందుకు?" అని కొందరంటారు. బిడ్డ బలమంతా పెట్టి పీలుస్తున్నంతసేపు ఆ అంకె బాగానే కనిపించవచ్చు. అలసిపోయాక పడిపోతుంది. డొక్కలు ముందే చెబుతాయి. వాటిని ముందు చూసేది తల్లి. తెలంగాణ పక్కనే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ మంత్రసానులకు పూసలతో ఊపిరి లెక్కపెట్టే సాధనం ఇచ్చింది. చదువు రాకపోయినా వాళ్ళు లెక్కపెట్టారు. చదువుకున్న మనం తల్లి మాట వినలేకపోతే ఎలా?

ఈ వారం మీ అమ్మనో అమ్మమ్మనో అడగండి: బిడ్డకు ఊపిరి ఆడకపోతే మీ ఊళ్ళో ఏమంటారు? ఆయాసమా, ఎగశ్వాసా, ఇంకేదైనానా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, నిద్రపోయేటప్పుడు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి చూడండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.