ఏలీ ఆసనము దిగవలసినదేనా?



విజయనగరం వైపు నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. తన పేరు, ఊరి పేరు వేయవద్దన్నారు. వారి సంఘము నడిపే హాస్టలులో ఒక పనివాడు పిల్లల పట్ల చేయరాని పని చేశాడు. కరస్పాండెంటుగారికి ఆ సంగతి తెలిసింది. ఆయన వాణ్ణి పిలిచి మందలించి, జీతం లెక్క చూసి, గుట్టుచప్పుడు కాకుండా మరో హాస్టలుకు పంపించారు. రెండేళ్లకు అక్కడా అదే జరిగింది. "ముప్పై ఏళ్లు సేవ చేసిన పెద్దాయనను దిగిపొమ్మనడం ధర్మమేనా అయ్యగారూ? చేసింది ఆయన కాదు కదా!" అని ఆమె ప్రశ్న.

ఏలీ కూడా చేయలేదు. షిలోహులో పాపం చేసినవారు హొఫ్నీ, ఫీనెహాసు. ప్రత్యక్షపు గుడారము దగ్గర సేవ చేసే స్త్రీలను వారు చెరిపారన్న మాట ఏలీ చెవిని పడింది. ఆయన ఊరుకోలేదు కూడా, కుమారులను పిలిచి మంచి మాటలే చెప్పాడు. మందలింపు అయింది, కుమారులు మాత్రం యాజకులుగానే ఉన్నారు, తండ్రి తన ఆసనము మీదనే ఉన్నాడు. దేవుడు ఏలీ మీద మోపిన నేరమేమిటో 1 సమూయేలు మూడవ అధ్యాయములో చూడండి. కుమారుల సంగతి తెలిసి కూడా వారిని అడ్డుకోలేదన్నదే ఆ నేరము.

ఆ ఆవరణలోనే హన్నా తన పసివాణ్ణి అప్పగించి వెళ్లిందని మనము మరచిపోతాము. సాలూరు, సీతంపేట కొండ గ్రామాల తల్లులు, మద్రాసు, హైదరాబాదు కూలి పనులకు వలసపోయే మన శ్రీకాకుళం తల్లులు పిల్లలను మన హాస్టళ్లలో విడిచి వెళ్లడం అటువంటిదే. అయ్యగారున్నారు, అమ్మగారున్నారు అనే ధైర్యంతోనే వెళతారు.

ఈ ప్రశ్న ఇంగ్లండులో పెద్ద పీఠము దాకా వెళ్లింది. జాన్ స్మైత్ అనే న్యాయవాది క్రైస్తవ శిబిరాలలో పరిచయమైన అబ్బాయిలను పరిశుద్ధత పేరు చెప్పి కర్రతో నెత్తురు కారేలా కొట్టేవాడు. 1982లోనే కొందరు సేవకులు విచారించి నివేదిక వ్రాసుకున్నారు గాని పోలీసులకు ఇవ్వలేదు. 1984లో అతడు జింబాబ్వేకు వెళ్లి అక్కడా శిబిరాలు పెట్టాడు, తరువాత దక్షిణాఫ్రికా చేరాడు. వందమందికి పైగా బాలురు, యువకులు అతని చేతిలో హింస పడ్డారు. 2018లో అతడు ఏ శిక్షా పడకుండానే చనిపోయాడు. సంగతి 2013లో కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీగారి దాకా వచ్చింది. పోలీసులకు తెలిపారని తనకు చెప్పగా నమ్మానని ఆయన అన్నారు. 2024 నవంబరు 7న మేకిన్ నివేదిక వెలువడినప్పుడు రాజీనామా చేయనన్నారు, 12వ తేదీన చేశారు. డిసెంబరు 5న లార్డ్స్ సభలో వీడ్కోలు ప్రసంగములో హాస్యమాడగా బాధితులు నొచ్చుకున్నారు, మరునాడు క్షమాపణ కోరవలసి వచ్చింది. దిగిపోయే దినమున కూడా కథ తనదే అనుకోవడం నాయకులకు ఎంత సులభమో చూడండి.

అమెరికాలో బోస్టన్ కార్డినల్ బెర్నార్డ్ లా సంగతి మన ఉత్తరానికి ఇంకా దగ్గర. పిల్లలను చెరిపిన ఫాదర్లను ఆయన ఒక పారిష్ నుండి మరొక పారిష్‌కు మారుస్తూ వచ్చారు. 2002 డిసెంబరులో రాజీనామా చేశారు. 2004లో రోములోని ఒక ప్రసిద్ధ దేవాలయానికి అధిపతిగా ఆయనను నియమించారు!

గనుక సహోదరికి మా జవాబు: ఆయన దిగవలసినదే. నేరము జరిగినందుకు కాదు, తెలిసిన నాడు ఆయన చేసిన పనికి. మనుష్యులకు తెలియకుండా పనివాణ్ణి పంపించడంతో రెండవ హాస్టలు పిల్లలకు ఏ హెచ్చరికా లేకపోయింది. కానుకల లెక్కలో అయిదు వందలు తేడా వచ్చినా, ట్రెజరరు తెలిసి కప్పిపుచ్చాడంటే పుస్తకం తీసుకుంటాము. ఆయనను క్షమించవద్దని మేము అనము. క్షమించిన తరువాత కూడా పుస్తకం ఇంకొకరి దగ్గరే ఉంటుంది.

అయితే రాజీనామా పత్రం ఇచ్చి, శాలువా కప్పించుకొని వెళ్లిపోతే అది చేతులు దులుపుకోవడమే. ముందు పోలీసు స్టేషనుకు వెళ్లాలి. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారం ఇటువంటి సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తన క్రింద పనిచేసేవాడి నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి 21వ సెక్షను ఏడాది వరకు జైలు, జుర్మానా చెబుతున్నది. ఆ తరువాత తనకు ఎప్పుడు తెలిసిందో, ఎవరికి చెప్పారో, వాణ్ణి ఎక్కడికి పంపారో వ్రాసి సంఘము ముందు చదవాలి. అప్పుడు రాజీనామా.

కొందరు పెద్దలు 1 తిమోతి 5:19 చూపించి, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద మాట వినరాదంటారు. గది తలుపు వేసి చేసే పాపానికి సాక్షులెక్కడి నుండి వస్తారు? ఆ తరువాతి వచనమును, అందరి యెదుట గద్దించవలెనన్న సంగతిని, ఎవరూ చదివి వినిపించరు.

విన్న దినముననే పోలీసులకు చెప్పి, బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లి, తల్లిదండ్రులతో కూర్చున్న వార్డెనును, పాస్టరును మాత్రం దిగమని అడగకూడదు. వారిని కూడా పంపివేస్తే రేపు మరొకరు నోరు విప్పరు. ఏలీ సరిగా చేసిన పని ఒకటున్నది. రాత్రి దేవుడు చెప్పినది ఏమీ దాచకుండా చెప్పమని బాలుడైన సమూయేలును అడిగి, తన మీది తీర్పును ఆ పిల్లవాని నోటనే విన్నాడు.

ఇక మన స్వతంత్ర సంఘముల సంగతి. పాస్టరుగారే వ్యవస్థాపకులు, అమ్మగారే ట్రెజరరు, కుమారుడే యూత్ లీడరు. అక్కడ రాజీనామా ఎవరికివ్వాలి? భోజనాల బల్ల మీద పెట్టాలేమో! అటువంటి చోట్ల వేసవి వి.బి.యస్. మొదలు కాకముందే పాస్టరుగారికి బంధువులు కాని ఇద్దరిని, వారిలో ఒక స్త్రీని, పిల్లల ఫిర్యాదులు వినడానికి సంఘమే ఎన్నుకోవాలి. హాస్టళ్లవారు 1098 అనే చైల్డ్‌లైన్ నెంబరును భోజనాల గది గోడ మీద, పిల్లల కంటికి ఆనే ఎత్తులో, పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. ఆఫీసు గదిలో కాదు.