పంట పోయాక వచ్చే సర్వే

పాణ్యం చుట్టుపక్కల పురుగుల మీద నిఘా పెట్టింది ఎవరు? పురుగుమందుల షాపాయన. ఏ ఊళ్లో ఏ పైరుకు ఏది పట్టిందో ఆయన అప్పుల పుస్తకం తిప్పితే తెలుస్తుంది. వ్యవసాయ శాఖ దగ్గర అంతకన్నా మంచి లెక్కుంటే బయటపెట్టమనండి, చూద్దాం!

ఆఫ్రికా మొక్కజొన్నను కత్తెర పురుగు 2016 నుంచే నమిలేస్తోంది. 2018 మేలో శివమొగ్గలో దొరికింది. శివమొగ్గ ఏమన్నా సముద్రాల అవతలుందా? ఆ ఏడాదే మన రాష్ట్రంలోకీ వచ్చేసింది. సుడి విప్పి చూస్తే రంపపు పొట్టులాంటి రెట్ట కనబడ్డాకే రైతుకు సంగతి తెలిసింది. నల్ల తామర పురుగైతే మరీ మర్యాదస్తురాలు. 2015లో బెంగళూరు బొప్పాయి మీద కనిపించి, మిర్చి పూతలో దూరడానికి 2021 దాకా ఆగింది. ఆరేళ్ల గడువు! ఆ ఆరేళ్లూ ఏం చేశారయ్యా మీరు?

మన గోదాముల్లో తిరిగే ఖప్రా పెంకు పురుగు సంగతి వినండి. గింజ దొరక్కపోయినా దాని లార్వా గోడ పగుల్లో, గోనె సంచి కుట్టులో ఏళ్ల తరబడి బతుకుతుంది. 1953లో అది కాలిఫోర్నియా ధాన్యపు గోదాముల్లో బయటపడితే, అమెరికా వాళ్లు గోదాము గోదామూ గాలించి, భవనాలకు భవనాలే గుడ్డ కప్పి పొగబెట్టి, 1966 నాటికి తుడిచిపెట్టారు. ఈ రోజుకీ ఓడరేవుల్లో దానికోసం సంచులు దులుపుతారు. మనకేమో ఏళ్లకేళ్లు ధర కోసం శనగలు దాచే రైతులున్నారు, వాళ్ల బస్తాలు దులిపి చూసే నాథుడు లేడు.

చట్టమా? 1914 నాటి తెల్లదొరల చట్టమే దిక్కు. 2013లో పార్లమెంటుకు తెచ్చిన జీవభద్రత బిల్లు మురిగిపోయింది. 2024లో యాప్ ఇచ్చారు: పురుగు కనబడితే ఫొటో తీసి పంపాలట. కనబడేసరికి ఆకు మిగిలితే కదా!

చదువుకున్న వాళ్లకు కొరతా? 1906 నాటి పరిశోధనా స్థానం నంద్యాలలోనే ఉంది. రైతు సేవా కేంద్రంలో కుర్చీ వేసుక్కూర్చున్న వ్యవసాయ సహాయకుణ్ణి మాత్రం ఈ-క్రాప్‌లో, ఈకేవైసీలో ముంచేశారు. పాపం, ఆయన చేలో దిగేదెప్పుడు?

ఆ పనుల్లోంచి వారానికి ఒక్క రోజు ఆయన్ను వదలండి. మొక్కజొన్నలో లింగాకర్షక బుట్టలు, మిరపలో నీలి జిగురు అట్టలు, శనగ గోదాముల్లో ఎర బోనులు పెట్టించండి. ఏ ఊళ్లో ఎన్ని పడ్డాయో ప్రతి సోమవారం రైతు సేవా కేంద్రం గోడ మీద సుద్దతో రాయించండి. ఒక్కటీ పడకపోతే సున్నా అనే రాయండి, కానీ వెళ్లి చూసి రాయండి.