‘74 ఏళ్లకు కవలలు’ వార్త చూసి ధీమా పడొద్దు

2019 సెప్టెంబర్ 5న గుంటూరులోని ఒక నర్సింగ్ హోమ్‌లో కవల ఆడపిల్లలు పుట్టారు. తల్లి వయసు 74 అని డాక్టర్లు చెప్పడంతో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అది చూసి ‘మనకేం తొందర’ అనుకుంటేనే ప్రమాదం. ఆమె గర్భం దాల్చింది దాత ఇచ్చిన అండంతో. తర్వాత వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ఐవీఎఫ్‌కు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటకూడదని గీత గీసింది.

మన కుటుంబాలకు ఇంకో లెక్క కూడా ఉంది. నికాహ్‌లో ఉన్న భార్యాభర్తల అండం, వీర్యంతోనే చేసే ఐవీఎఫ్‌ను 1980లో అల్ అజ్హర్ ఫత్వా, 1986లో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ అనుమతించాయి. మూడో మనిషివి కూడదన్నాయి. అంటే దాత దారి మనలో చాలామందికి లేనట్టే. సొంత అండాలేమో 35 దాటాక వేగంగా తగ్గిపోతాయి. కాబట్టి ఆలస్యం మనకే ఎక్కువ నష్టం.

మరి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? భార్య వయసు 35 లోపైతే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే వెంటనే. నెలసరి సరిగా రాకపోయినా, గతంలో టీబీ వచ్చినా అంతకాలం ఆగొద్దు.

పరీక్షలు ఇద్దరికీ జరగాలి. పెళ్లై ఏడాది తిరక్కుండానే ‘ఏమైనా విశేషమా’ అని కోడలిని అడుగుతారు, కొడుకుని ఎవరూ అడగరు. దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు ఖర్చు తక్కువ, నొప్పి లేదు. పత్తి, మిర్చి చేలల్లో మందు కొట్టేవాళ్లు ఈ మాట మరీ వినాలి. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసిన కార్మికుల్లో వీర్యకణాలు పడిపోయినట్టు తేలింది. మన మందులన్నీ అలాంటివే అని కాదు, గ్లవ్స్, మాస్కు లేకుండా కొట్టొద్దని. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. రిపోర్టు బాగాలేకపోతే జాగ్రత్తలు తీసుకుని మూడు నెలలకు మళ్లీ చేయించాలి.

స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర అసెంబ్లీ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమంటున్న సర్కారు, ఒక్కరి కోసం తిరిగేవాళ్ల గురించీ ఆలోచించాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ తొలి పరీక్షలు దొరికితే అప్పు చేసి ప్రైవేటు సెంటర్‌కు పరుగెత్తే అవసరం చాలామందికి తప్పుతుంది. వెళ్లక తప్పనివాళ్లు ముందు ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ చూపించమని అడగాలి.

నెల్లూరు రొట్టెల పండుగలో సంతాన రొట్టె పట్టేవాళ్ల ఆశ చిన్నదేమీ కాదు. దువా చేద్దాం, దవా కూడా వేళకు తీసుకుందాం.